‘ఆగు’ అని పేరు పెట్టిన ఆడపిల్ల

రాదోసావ్ మా ఇంటికి వచ్చినప్పుడు ఒక చేతిలో పొగబెట్టిన పంది తొడ, ఇంకో చేతిలో ఇంట్లో కాచిన సారా సీసా ఉన్నాయి. అవి చూడగానే ఏదో కాని పని మీదే వచ్చాడనుకున్నాను. మామూలుగా అయితే ఉత్త చేతులూపుకుంటూ వచ్చి, మా ఇంట్లోదే తాగి, బాగాలేదని వంక పెట్టి వెళ్ళే మనిషి.

వాళ్ళింట్లో మూడో మనవరాలు పుట్టి నెల కావస్తోంది. కొడుకు బాల్షాకు, కోడలు సెన్కాకు అంతకుముందు ఇద్దరూ ఆడపిల్లలే. ఆదివారం ఈ పిల్ల బాప్తిస్మం. మా కొండల్లో బిడ్డకు పేరు పెట్టేది తల్లీ కాదు, తండ్రీ కాదు, కూమ్. కూమ్ అంటే బాప్తిస్మం నాడు బిడ్డను నీళ్ళ తొట్టి దగ్గర చేతుల్లోకి తీసుకునే మనిషి. ఒక ఇంటికి మరో ఇల్లు తరతరాలుగా కూమ్‌గా నిలుస్తుంది. పాదిరి అడిగినప్పుడు కూమ్ నోట ఏ పేరు వస్తే అదే పేరు, దానికి ఎదురు చెప్పిన ఇల్లు మా వైపు ఇంతవరకూ లేదు. రాదోసావ్ వాళ్ళింటికి మా ఇల్లే కూమ్. మొదట మా తాత గావ్రో, తర్వాత మా నాన్న. నాన్న కిందటి చలికాలంలో పోయాడు. ఆయనకు కొడుకుల్లేరు, నేనొక్కదాన్నే కూతుర్ని. కాబట్టి ఆ బరువు నా నెత్తిన పడింది. ఒక ఆడది తన మనవరాలికి పేరు పెట్టడమేమిటని రాదోసావ్ లోపల్లోపల ఉడికిపోతున్నాడని నాకు తెలుసు. అయినా కూమ్‌ను మార్చే ధైర్యం అతనికి లేదు.

బల్ల దగ్గర కూర్చుని, వానల గురించి, గొర్రెల ధర గురించి తిప్పి తిప్పి మాట్లాడి, చివరికి అసలు మాటకొచ్చాడు.

“మిలూషా కూమా, పిల్లకి స్తానా అని పెట్టు. మా అక్క పేరు. పాపం ముసల్దాని మనసు కూడా సంతోషిస్తుంది.”

నా ఒళ్ళు మండిపోయింది. ఆ సీసా తీసి నెత్తిన బాదాలనిపించింది. ముసల్దాని మనసట. ఆమె మనసు గురించి ఈ మనిషి ఎన్నడు తలచాడు గనక? ఆదివారం చూద్దాంలే అని మాత్రం అన్నాను. సరే అనలేదు. ఆ తేడా అతని చెవికి ఎక్కలేదు, ఎక్కించుకునే అలవాటూ లేదు.

ఆ పేరు సంగతి చెప్పాలి. పట్నంలో పేర్ల పుస్తకాలు అమ్మేవాళ్ళు స్తానా అంటే నిలకడ గలది, స్థిరంగా నిలబడేది అని రాసుకుంటారు. అది పూర్తిగా అబద్ధం కాదు. మా భాషలో నిలబడటానికి, ఆగడానికి, మిగలడానికి వేరొకటే. ఆ వేరు నుంచే మగపిల్లల పేర్లూ వచ్చాయి. ఒకరి తర్వాత ఒకరు బిడ్డలు పోతున్న ఇంట్లో మగపిల్లాడు పుడితే స్తాన్కో అని పెడతారు. నువ్వైనా మిగులు నాయనా, మమ్మల్ని విడిచి పోకు అని బతిమాలడమన్నమాట. అదే మాట, వరసగా ఆడపిల్లలు పుట్టిన ఇంట్లో ఆఖరి పిల్లకు పెడితే, ‘ఆగు, ఇక చాలు’ అని. మగపిల్లాడికి బతిమాలుకోవడం, ఆడపిల్లకు అదిలింపు. పక్క లోయలో ఒకామెకు దోస్తా అనే పేరు పెట్టారు, అంటే తిన్నగా ‘చాలు’ అనే. పోనీ ఆ మాట ఆ పిల్లతో అన్నదా అంటే అదీ కాదు. దాని వెనక రాబోయే ఆడపిల్లలతో అన్నది. ఈ పిల్లను గుమ్మానికి అడ్డంగా గడియలా పెట్టారు, అంతే.

స్తానా ఆ ఇంట్లో నాలుగో ఆడపిల్ల. తండ్రి పేరు మాషన్. ఊళ్ళో మగబిడ్డ పుడితే ఆకాశంలోకి తుపాకీ పేలుస్తారు. ఆడపిల్ల పుడితే తుపాకీ మేకుకే వేలాడుతుంది. నాలుగోసారి కూడా తుపాకీ మేకు దిగకపోయేసరికి, మాషన్ వాగు దాటి మా తాత దగ్గరికి వచ్చి, ఈసారి ఆ పేరే పెట్టమని అడిగాడట. మా తాత కాదనలేదు. మంచివాడని అందరూ చెప్పుకునే మనిషి, ఇంకో పేరు నోటికి రాలేదు కాబోలు. ఆ రోజు ఆయన నోరు కాస్త మూసుకుని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. మాషన్‌ను ఎవరైనా పిల్లలెంతమంది అని అడిగితే, పిల్లల్లేరండీ, క్షమించాలి, ఆడపిల్లలు నలుగురు అనేవాడు. క్షమించాలి అన్న మాట మాత్రం మరిచేవాడు కాదు. స్తానా ఆ మాటలు గుమ్మం దగ్గర బంగాళదుంపలు ఒలుస్తూ వినేది.

తర్వాత రాదోసావ్ పుట్టాడు. మాషన్ తూటాలన్నీ అయ్యేదాకా కాల్చాడు. మా ఇంటి కుక్క బెదిరి అడవిలోకి పారిపోయి మర్నాటికి గాని రాలేదని మా నాన్న చెప్పేవాడు. ఊరంతా ఒకటే మాట: పేరు పనిచేసింది. స్తానా ఆపింది.

ఆ రోజు నుంచి ఆ పిల్ల బతుకు తనది కాకుండా పోయింది. తమ్ముణ్ణి వీపుకు కట్టుకుని మంద పాకలకు ఎక్కడం, దిగడం సరే, అది మా కొండల్లో ప్రతి అక్కా చేసేదే. ఇది వేరు. ఆడపిల్లలు మాత్రమే పుట్టిన ఇళ్ళ వాళ్ళు స్తానా కోసం కబురు పంపేవాళ్ళు. వచ్చి కోడలి మంచం మీద కాసేపు కూర్చోమనేవాళ్ళు. ఆమె తలగుడ్డ అడిగి తీసుకుని కోడలి తలకు కట్టేవాళ్ళు. బదులుగా తేనె పోసిన బూరెలు పెట్టేవాళ్ళు. చిన్నపిల్ల, తేనె అంటే ఎవరికి చేదు, సంతోషంగా వెళ్ళి కూర్చునేది. ఒకసారి ఒక ముసలమ్మ ఆమె గడ్డం పుచ్చుకుని, నువ్వు పుట్టింది ఇందుకేనమ్మా, నీలాంటిది ఇక పుట్టకుండా ఉండటానికి, అని ముద్దుగా చెప్పింది. స్తానాకు అప్పుడు అర్థమైంది. తేనె గిన్నెలో ఉమ్మేసి ఇంటికి వచ్చేసింది. తండ్రి చేతిలో దెబ్బలు తింది. మళ్ళీ ఏ ఇంటికీ, ఎవరి మంచం మీదా కూర్చోవడానికి వెళ్ళలేదు. తలగుడ్డ ఆరేస్తే దొంగిలిస్తున్నారని ఇంట్లోనే పొయ్యి మీద ఆరబెట్టుకునేది.

పెళ్ళి సంబంధాలు కుప్పతెప్పలుగా వచ్చాయి. రాకేం చేస్తాయి, మగపిల్లల్ని తెచ్చే పేరాయె. వచ్చిన ప్రతివాణ్ణీ స్తానా ఒకటే అడిగేది, నన్ను చూసి వచ్చావా, నా పేరు విని వచ్చావా అని. వాళ్ళు నసిగేవాళ్ళు. నసిగినవాణ్ణి గడ్డి లాగే దంతెతో వాగు దాకా తరిమేది. ఒక్కడు మాత్రం, నీ జున్ను తిని వచ్చాను అన్నాడట. వాణ్ణి తరమలేదు. వాడు రెండో వేసవి కూడా వచ్చాడు. ఈలోపు తల్లికి పక్షవాతం వచ్చి మంచాన పడింది. పెద్దక్కలు ముగ్గురూ అప్పటికే పెళ్ళిళ్ళయి పైలోయలకు వెళ్ళిపోయారు. తల్లికి ఎవరు చేస్తారు? మాషన్ చేస్తాడా? ఆయన తన గిన్నె తను కడుక్కోవడం కూడా ఎరగడు. రాదోసావ్ అప్పటికి మీసాలు దువ్వుకునే పనిలో ఉన్నాడు. జున్ను తిన్నవాడు మూడో వేసవికి రాలేదు.

అలా ఉండిపోయింది. తల్లిని సాగనంపింది, తండ్రిని సాగనంపింది, తమ్ముడికి పెళ్ళి చేసింది, వాడి కొడుకు బాల్షాను ఎత్తుకు పెంచింది. తర్వాత ఊరి చివర మేకల పాకను రాతి గోడలు ఎత్తించుకుని ఇల్లు చేసుకుని వేరుగా ఉంది. ఆమె నోరంటే ఊరందరికీ హడల్. నిక్షిచ్ పట్నం వెళ్ళే బస్సు డ్రైవరు ఆమె ఎక్కితే పాట ఆపేసేవాడు. ఆమె గయ్యాళిదని అందరూ అనేవాళ్ళు, నేనూ అనుకునేదాన్ని. ఆమె కోపానికి కారణం ఆ పేరేనని అందరికీ తెలిసినట్టే ఉండేది. అసలు కారణం ఎవరికీ తెలియదని తర్వాత తెలిసింది.

రాదోసావ్ వచ్చి వెళ్ళిన మర్నాడు నేను బంగాళదుంప చేలో ఉన్నాను. స్తానా వాగు దాటి వస్తోంది. కర్ర పొడుచుకుంటూ కాదు, కర్రతో ఎవరినో కొడుతున్నట్టు వస్తోంది. చేను మధ్యకు వచ్చి నిలబడింది. పలకరింపు లేదు, పాడూ లేదు.

“వాడు వచ్చాడటగా. పిల్లకి నా పేరు పెట్టమన్నాడటగా.”

“అన్నాడు అత్తా.”

“నువ్వేమన్నావే?”

“ఆదివారం చూద్దామన్నా.”

“చూద్దామా? మీ తాత కూడా ఇలాగే చూద్దామని ఉంటాడు. ఆయన పళ్ళూడిన నోట్లోంచి నా మీద పడిందది. ఇన్నేళ్ళూ మోశా. మళ్ళీ మీ ఇంటి నోట్లోంచే ఆ పసిగుడ్డు మీద పడితే, మిలూషా, తొట్టిలోంచి పిల్లని లాక్కుపోతా. పాదిరి ముందే లాక్కుపోతా. తర్వాత చర్చిలోంచి నన్ను వెలివేసుకోండి.”

నాకూ కోపం వచ్చింది. నేను పెడతానని ఎవరన్నారు, నా మీద ఎందుకు అరుస్తావు అన్నాను. ఎవరో ఒకరి మీద అరవాలి కదా, మీ తాత మట్టిలో ఉన్నాడు, మా నాన్న మట్టిలో ఉన్నాడు, చేతికి దొరికింది నువ్వే అంది. ఆ మాటకు ఇద్దరికీ నవ్వు రావాల్సింది గానీ రాలేదు. మరి ఏం పేరు పెట్టమంటావు అని అడిగాను. ఏదో ఒకటి పెట్టు, పువ్వు పేరో, నీ పేరో, మనిషిని పిలిచే పేరు పెట్టు, మనిషిని అదిలించే పేరు పెట్టకు అని చెప్పి, నేను తవ్విపోసిన దుంపల్లో పెద్దవి నాలుగు ఏరుకుని కొంగులో వేసుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం దాకా మిగిలిన రెండు రోజులూ నేను పేర్లు వెతుక్కున్నాను. మా అమ్మ పేరు పెడదామనుకున్నాను. కూమ్ మాటకు ఎదురు లేదు నిజమే, కానీ ఇంటి పెద్ద అడిగిన పేరు కాదని వేరే పేరు పెడితే, ఆ ఇల్లూ మా ఇల్లూ ఇకపై కలుసుకునే తీరు మారిపోతుంది. పెళ్ళికి పిలుపు రాదు, చావుకు కబురు రాదు. అది తెలిసే నిర్ణయించుకున్నాను. సెన్కాను కూడా దారిలో కలిశాను. నీకేం పేరు ఇష్టం అని అడిగితే ఆ పిల్ల నా వంక తెల్లబోయి చూసింది. ఆమెను ఎవరూ ఏదీ అడిగిన పాపాన పోలేదు. ఈ బిడ్డ కడుపులో ఉండగా మామగారు, పట్నం వెళ్ళి ఆడో మగో చూపించుకుని రమ్మని బస్సు చార్జీ చేతిలో పెట్టాడట. ఆడపిల్లని తేలితే ఏం చేయాలో నోటితో చెప్పలేదు. ఈ పిల్ల ఆ డబ్బుతో పెద్దమ్మాయికి చెప్పులు కొనుక్కుని వచ్చింది. ఆ పేరు మాత్రం వద్దు కూమా, తర్వాత మళ్ళీ ఆడపిల్లే పుడితే ఆ తప్పు కూడా నాదే అంటారు, అని మెల్లగా అంది.

ఆదివారం వచ్చింది. బాలింత నలభై రోజులు నిండకుండా చర్చి లోపలికి రాకూడదు కాబట్టి సెన్కా ఆవరణలో గోడ పక్కన బల్ల మీద కూర్చుంది. బిడ్డ నా చేతుల్లో ఉంది. పాదిరి గారు ఇంకా లోపల సిద్ధం చేసుకుంటున్నారు. రాదోసావ్ కొత్త కోటు వేసుకుని, వచ్చిన చుట్టాలందరికీ సీసా తిప్పుతూ, పెళ్ళికొడుకులా తిరుగుతున్నాడు. ఎవరో బాల్షాను ఎగతాళి చేశారు, మూడూ ఆడపిల్లలేనా, నీ తుపాకీ తుప్పు పట్టిపోయిందేమోరా అని. బాల్షా తల దించుకున్నాడు. రాదోసావ్ మాత్రం పెద్దగా నవ్వాడు.

“ఇక పట్టదులే. ఇవాళ కూమా నోటితో పాత మందే వేయిస్తున్నా. మా ఇంట్లో అది పనిచేసిన మందు. మా అక్క తర్వాత మా నాన్నకి ఆడపిల్ల పుట్టలేదు. మా అక్క తర్వాత నేనే.”

స్తానా గోడ వారన, సెన్కా పక్కనే నిలబడి ఉంది. నల్ల తలగుడ్డ, నల్ల స్వెట్టరు. ఆమె అరుస్తుందని నేను ఎదురుచూశాను. అరవలేదు. జీవితంలో మొదటిసారి ఆమె మెల్లగా మాట్లాడటం విన్నాను.

“నా తర్వాత నువ్వు కాదు. నా తర్వాత ఇంకొకతి పుట్టింది. దాని తర్వాత నువ్వు.”

రాదోసావ్ నవ్వుతూనే, ఏంటక్కా, పొద్దున్నే నా సీసా నువ్వు గాని ఖాళీ చేశావా అన్నాడు. కొందరు నవ్వారు. స్తానా వాళ్ళ నవ్వు అయ్యేదాకా ఆగి, చెప్పడం మొదలుపెట్టింది. ఆమె మాటలు నాకిప్పటికీ చెవుల్లోనే ఉన్నాయి గానీ అన్నీ అలాగే రాయలేను.

అప్పుడు ఆమెకు ఆరేళ్ళు. గడ్డి కోతల కాలం. అక్కలు పైన మంద పాకల్లో ఉన్నారు, తండ్రి కోతలో ఉన్నాడు. తల్లికి పొయ్యి దగ్గరే నొప్పులు వచ్చాయి. నీళ్ళు తెమ్మంటే తెచ్చింది, గుడ్డలు తెమ్మంటే తెచ్చింది. ఆడపిల్ల పుట్టింది. సాయంత్రం మాషన్ వచ్చి చూశాడు. నెత్తి మీద టోపీ కూడా తీయకుండా వెనక్కి తిరిగి బయటికి వెళ్ళిపోయాడు. బిడ్డ బలహీనంగా ఉంది, పాలు పట్టుకోవడం లేదు. తల్లి బతిమాలింది, కూమ్‌ను పిలువు, బిడ్డ నిలిచేలా లేదు, నాలుగు చుక్కల నీళ్ళు పోయించి ఒక పేరు పెట్టించు, పేరు లేకుండా పోతే దాన్ని చర్చి మట్టిలోకి కూడా రానివ్వరు అని. మాషన్ గుమ్మంలో నిలబడి చెప్పిన జవాబు స్తానా తండ్రి గొంతుతోనే చెప్పింది.

“ఏ ముఖం పెట్టుకుని పిలవనే? కూమ్ ఆగు అన్నాడు. ఆయన మాట నిలవలేదని ఆయన ఎదుట నిలబడి నేను చెప్పాలా?”

అంతే. పిలవలేదు. కూమ్ నోటి మాట తప్పిందని కూమ్‌కు చెప్పడం కన్నా, బిడ్డ పేరు లేకుండా పోవడమే ఆ మహానుభావుడికి మర్యాదగా తోచింది. ఇది మా కొండల్లో తప్ప ఇంకెక్కడా పుట్టని మర్యాద. కొద్ది రోజులకు బిడ్డ పోయింది. మాషన్ దాన్ని మూటకట్టి తీసుకెళ్ళి ఎక్కడో పూడ్చి వచ్చి, ఇంట్లో ఏమీ జరగలేదు, విన్నారా, అన్నాడు. పైనుంచి దిగివచ్చిన అక్కలకు తల్లికి జ్వరం వచ్చి కడుపు పోయిందని చెప్పారు. తర్వాత రాదోసావ్ పుట్టాడు, తుపాకీ పేలింది, పేరు పనిచేసింది.

వాళ్ళ గుమ్మంలో నిలబడి గట్టిగా కేకేస్తే మా ఇంట్లో వినపడుతుంది. మా పొగగొట్టం వాళ్ళకు కనపడుతుంది. ఎవరైనా ఒక్క కేక వేసి ఉంటే మా తాత చెంబుతో నీళ్ళు పట్టుకుని చెప్పులు కూడా లేకుండా పరిగెత్తేవాడు. ప్రాణం పోయే బిడ్డకు పాదిరి కూడా అక్కర్లేదు, ఎవరైనా నీళ్ళు పోసి పేరు పిలవచ్చు. మా తాత అమాయకంగా చచ్చిపోయేదాకా, నా నోటి వాక్కు మంచిది, మాషన్‌కు కొడుకును తెచ్చింది అని మురిసిపోయాడు. మాషన్ ఎదురుగా ఉంటే ఆ రోజు ఏం చేసేదాన్నో నాకే తెలియదు. చేతుల్లో బిడ్డ ఉండబట్టి నిలబడ్డాను.

“ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదక్కా?” అన్నాడు రాదోసావ్. గొంతులో ఇంకా వెటకారం ఉంది, కానీ పట్టు లేదు.

“చెబితే అమ్మని చంపేసేవాడు నాన్న. అమ్మ పోయాక ఎవడు అడిగాడు? మీకందరికీ కథ కావాలి. మగపిల్లాడు పుట్టిన కథ. దాంట్లో అది లేదు.”

చుట్టాలు నేల చూపులు చూస్తున్నారు. బాల్షా చేతిలో గ్లాసు గోడ మీద పెట్టేసి సెన్కా పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. లోపల గంట మోగింది. పాదిరి గారు గుమ్మంలోకి వచ్చి, కూమ్ లోపలికి రావాలి అన్నారు. రాదోసావ్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

“కూమా, అది పాత గొడవ. మనం అనుకున్న మాట మాత్రం...”

“మనమేమీ అనుకోలేదు. నువ్వు అడిగావు, నేను విన్నాను. చెయ్యి తియ్యి.”

తీశాడు. నేను స్తానా వైపు తిరిగి, ఆ బిడ్డను ఎవరైనా ఏదైనా పేరుతో పిలిచారా అని అడిగాను. అమ్మ పిలవలేదు, భయం, అంది. అప్పుడు మొదటిసారి ఆమె ముఖంలో కోపం కాకుండా ఇంకేదో కనిపించింది. సిగ్గు అనుకుంటాను.

“నేను పిలిచా. అమ్మ నిద్రపోయినప్పుడు. యాగొదా అని.”

యాగొదా అంటే మా అడవుల్లో కాచే ఎర్రటి స్ట్రాబెర్రీ పండు. గడ్డి కోతల కాలంలోనే పండుతాయి. పిల్లలు వాటిని గడ్డిపుల్లకు గుచ్చి దండలా ఇంటికి తెస్తారు. ఆరేళ్ళ స్తానా అలాంటి పుల్ల ఒకటి తెచ్చి, చెల్లెలికి నోట్లో ఇంకా పళ్ళు రాలేదు కాబట్టి తినలేదని, ఉయ్యాల అంచుకు గుచ్చిందట. చెల్లెలి ముఖం కూడా అంతే ఎర్రగా ఉండేదట.

నేను లోపలికి వెళ్ళాను. పాదిరి గారు ప్రార్థనలు చదివి, బిడ్డ పేరేమిటని అడిగారు. యాగొదా అన్నాను. ఆయన తలెత్తి, ఆ పేరుతో పుణ్యాత్ములెవరూ లేరే అని నసిగారు. ఉన్నారండీ, మీ పుస్తకంలో ఎక్కలేదు, అన్నాను. పాదిరితో అలా మాట్లాడకూడదు. నా గొంతు చర్చి గోడలకు తగిలి నాకే తిరిగి వినపడింది. ఆయన నన్ను చూశారు, నా వెనక తలుపు దగ్గర కర్రతో నిలబడ్డ స్తానాను చూశారు, ఇంకేమీ అనకుండా బిడ్డను నీళ్ళలో ముంచారు. మూడుసార్లూ ఆ పేరే పలికారు. బిడ్డ చర్చి పైకప్పు లేచిపోయేలా ఏడ్చింది.

పేరు వినగానే పిల్లలంతా పోటీపడి బయటికి పరిగెత్తారు. మొదట చెప్పినవాళ్ళకు తల్లి చిల్లర నాణేలు ఇవ్వాలి. సెన్కా పెద్దమ్మాయే గెలిచింది. నేను బిడ్డతో బయటికి వచ్చేసరికి సెన్కా ఆ పేరును మెల్లగా, అలవాటు చేసుకుంటున్నట్టు, పెదాలతో అనుకుంటోంది. బిడ్డను ఆమె చేతుల్లో పెట్టాను. స్తానా పక్కన కూర్చుంది. పిల్ల వేళ్ళను తన మొరటు వేలు చుట్టూ పట్టించుకుని, నా పేరు నాతోనే పోతుందిలే, పీడ విరగడైంది, అని సెన్కాతో అంది.

భోజనాల బల్లలు వేశారు. గొర్రెమాంసం, వెన్న కలిపిన బంగాళదుంప సంకటి, అన్నీ వచ్చాయి. రాదోసావ్ బల్ల దగ్గరికి రాలేదు. చాలాసేపు తన కారుకు ఆనుకుని నిలబడి, తర్వాత అక్క దగ్గరికి వచ్చాడు. నేను మీద పడతాడేమోనని లేచి నిలబడ్డాను. అరవలేదు. ఆ మనిషి అంత చిన్న గొంతుతో మాట్లాడగా నేనెన్నడూ వినలేదు.

“దాన్ని ఎక్కడ పెట్టారక్కా?”

స్తానా బిడ్డ మీంచి చూపు ఎత్తకుండానే చెప్పింది.

“అక్రోటు చెట్టు పక్కన పాత రాతిగోడ ఉండేదిగా, దాని మొదట్లో. నాన్న వెనకాలే వెళ్ళి చూశా. చర్చి మట్టిలోకి రానివ్వరుగా మరి. ఆ గోడ నువ్వే పడగొట్టించావు. దాని మీద సిమెంటు పోయించి కారు షెడ్డు కట్టావు. ఆ రోజు నేనొచ్చి అక్కడ కట్టొద్దురా అన్నా. గుర్తుందా ఏమన్నావో?”

రాదోసావ్ కారు వైపు చూశాడు.

“వాటాలన్నీ సంతకాలు పెట్టిచ్చేశారుగా అక్కలంతా, ఇక్కడ నీకు జానెడు నేల కూడా లేదు, నీ పని చూసుకో అన్నావు. ఇంకేం మాట్లాడను? నాకు లేదు. దానికి ఉండేది జానెడు.”

రాదోసావ్ ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడ్చి ఉంటే నాకు ఇంకా కోపం వచ్చేది. ఏడవలేదు. జేబులోంచి కారు తాళాలు తీసి బాల్షా చేతిలో కూడా పెట్టలేదు, గోడ మీద పెట్టి, టోపీ సర్దుకుని, వాగు వైపు దిగే బాటలో నడక మొదలుపెట్టాడు. ఇల్లు దగ్గరేం కాదు, పైగా ఆయనకు మోకాళ్ళ నొప్పులు. బాల్షా కంగారుపడి, నాన్నా కారు, నాన్నా అని వెనకాల పరిగెత్తబోయాడు. స్తానా కర్ర అడ్డం పెట్టి ఆపింది.

“నడవనీరా. అరవై ఏళ్ళ నుంచీ ఆ చోటు తొక్కకుండా చుట్టూ తిరిగి నడుస్తున్నా నేను. ఇవాళ ఒక్కరోజు వాడూ నడవనీ.”